నీళ్లు లేకుండా చేతులు కడిగే బడి

గొర్లమిట్టపాలెం బడిలో ఐదో తరగతిలోకి సూక్ష్మక్రిముల్ని చేర్చుకున్నారని, వాళ్లకి రోల్ నంబర్లు కూడా ఇచ్చారని బోరింగు దగ్గర నాంచారమ్మ చెప్పిందట. ఆ ముక్క పక్కింటి ఆదిలక్ష్మి గోడ మీదుగా రమణమ్మ చెవిన వేసింది. మొత్తం నలభైమందట, అందరూ ముందు బెంచీలోనే కూర్చుంటారట.

రమణమ్మ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

"వాళ్లకీ గుడ్డు పెడతారంటనా వదినా?" అనడిగింది.

నాంచారమ్మ మాటల్లో సగం తీసేసి వినాలని ఊరందరికీ తెలుసు. అలా తీసేస్తే మిగిలింది నిజమే. చేరింది నలభైమంది కాదు, తొమ్మిదిమంది. కూర్చునేది ముందు బెంచీలో కాదు, ముందు బెంచీ పిల్లల గోళ్లలో. గుడ్డు సంగతి మాత్రం ఇంకా పైనుంచి తేలలేదు. తేలేలోపు వాళ్లే ముందు తినేస్తున్నారు.

ఇందులో హెడ్మాస్టరు రాఘవులు గారి తప్పేమీ లేదు. ఆయన బడిలో పిల్లలు పదకొండుమంది. ఇరవైమంది లేకపోతే బడి ఎత్తేసి పెదకంచర్ల బళ్లో కలిపేస్తామని కబురొచ్చింది. పెదకంచర్ల పెద్ద దూరమేం కాదు గానీ, మధ్యలో హైవే ఉంది. ఆ రోడ్డు దాటలేక బర్రెలే సగం దాకా వెళ్లి తిరిగొస్తున్నాయి. పిల్లల్ని పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. బడి పోవడమంటే ఆ ఊళ్లో చదువు పోవడమే.

మాస్టారు నిబంధనలు ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివారు. విద్యార్థి స్థానికుడై ఉండాలని ఉంది. రోజూ హాజరు కావాలని ఉంది. మనిషై ఉండాలని ఎక్కడా లేదు. అనుమానం తీర్చుకోవడానికి మండల విద్యాధికారికి ఫోన్ చేశారు.

"ప్రాణం ఉందా?" అన్నారు అధికారి.

"ఉందండి."

"స్థానికులేనా?"

"ఊరు పుట్టకముందునుంచీ ఇక్కడే ఉన్నారండి."

"ఇంకో బళ్లో పేర్లున్నాయా? రెండు చోట్ల ఉంటే కుదరదు."

"అన్ని బళ్లలోనూ ఉంటారండి. పేర్లు మాత్రం ఎక్కడా లేవు."

"అయితే చేర్చుకోండి. ఫొటోలు మసగ్గా రాకుండా చూసుకోండి."

ఫొటోల కోసం ఎప్పుడో వచ్చి అట్టపెట్టెలోనే ఉండిపోయిన మైక్రోస్కోప్ బయటికి తీశారు. ముఖం చూసి హాజరు వేసే ఫోన్ యాప్‌ని దాని గొట్టానికి ఆనిస్తే, మొదట కాస్త నసిగింది. 'దయచేసి దగ్గరికి రండి' అంది. వాళ్లు దగ్గరికొచ్చారు. ఆ తర్వాత ఏ రోజూ పేచీ పెట్టలేదు.

కులం రాసేచోట మాత్రం మాస్టారి కలం ఆగింది. ఊళ్లో ఏ కులం వాళ్లింట్లోకైనా అడక్కుండా, గుమ్మం దగ్గర ఆగకుండా, నేరుగా వంటింట్లోకి వెళ్లి నీళ్లకుండ ముట్టుకోగలిగింది వాళ్లొక్కళ్లే. అందుకని 'అందరూ' అని రాశారు. అభ్యంతరం రాలేదు.

ఇంకో చిక్కు, వాళ్లు సంఖ్య నిలవనివ్వరు. ప్రార్థనకి తొమ్మిదిమంది ఉంటే, మొదటి పీరియడ్ అయ్యేసరికి అరవై డెబ్భై అవుతారు. మధ్యాహ్నం బెల్లు కొట్టేసరికి లెక్కపెట్టడం దండగ. అంతమందిని చూపిస్తే ఇంకో టీచర్ని ఇవ్వాల్సి వస్తుందని పై అధికారులు భయపడ్డారు. అందుకని తొమ్మిదిమందే రెగ్యులర్ అనీ, మిగతావాళ్లు ప్రైవేటుగా కట్టే అభ్యర్థులనీ తేల్చారు.

ఆ తొమ్మిదిమందికీ లీడరు సుందరం. గోళ్లలో పుట్టి పెరిగాడు కాబట్టి ఇంటిపేరు గోరింటి అని రాసుకున్నారు. మైక్రోస్కోప్ దగ్గర చెవి పెడితే మాట వినిపిస్తుంది. గొంతు సన్నం, మర్యాద జాస్తి. పిలవగానే 'ప్రెజెంట్ టీచర్' అని పలికేది ఆ క్లాసులో వాడొక్కడే. ఇంకొకావిడ తోడమ్మ, పెరుగు గిన్నెలోంచి వచ్చింది. ఆవిడ ఎవరి జోలికీ పోదు. పిల్లల కడుపులో కూర్చుని అన్నం అరిగిస్తూ ఉంటుంది.

వీళ్లకి పాఠం చెప్పే బాధ్యత ఫిలోమినా టీచర్ మీద పడింది. వయసు చిన్నది, ఉద్యోగం కొత్తది, పాఠం నిజంగా చెప్పాలనే పట్టుదల ఇంకా పోలేదు. 'సూక్ష్మజీవులు, మన ఆరోగ్యం' అనే పాఠం పుస్తకంలోంచి చదివి వదిలేయకుండా ఆవిడ గులాబీరంగు ముగ్గుపిండి తెచ్చింది. పొద్దున్నే ఇర్ఫాన్ అనే పిల్లాడి అరచేతికి పూసి, "ఏం చెయ్యకురా, మామూలుగా ఉండు" అంది.

వాడు మామూలుగానే ఉన్నాడు. మధ్యాహ్నానికి రంగు తలుపు గడియ మీద ఉంది, నీళ్లగ్లాసు మీద ఉంది, చందన జడ మీద ఉంది, వంటామె గరిటె మీద ఉంది, చివరికి హెడ్మాస్టరు గారి మీసం మీద కూడా ఉంది. పిల్లలు పగలబడి నవ్వారు.

"చూశారుగా. ఈ రంగు కనపడుతుంది. కనపడనివాళ్లు కూడా ఇలాగే తిరుగుతారు," అంది టీచర్.

"టీచర్ మా గురించే చెప్తోంది," అని సుందరం పక్కవాళ్లని మోచేత్తో పొడిచాడు.

ఆ సాయంత్రమే ఆవిడ తన డబ్బుతో సబ్బులు కొని, అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు, ఎలా రుద్దాలో నేర్పింది. తినేముందు, దొడ్డికెళ్లొచ్చాక తప్పనిసరి అంది. పదకొండుమందీ పోటీపడి కడిగారు. మర్నాడు యాప్ హాజరు చూపిస్తే పిల్లలు పదకొండు, సూక్ష్మక్రిములు రెండు.

పావుగంటలో మండలం నుంచి ఫోనొచ్చింది. ఒక్కరోజులో ఏడుగురు బడి మానేస్తే దాన్ని డ్రాపౌట్ అంటారని, బడిలో వేధింపులేమైనా ఉన్నాయేమో విచారించమని.

రాఘవులు గారు టీచర్ని గదిలోకి పిలిచి కుర్చీ వేశారు. ఆయన అరిచే మనిషి కాదు.

"అమ్మా ఫిలోమినా, పాఠం బ్రహ్మాండంగా చెప్పావు. దాన్ని చెయ్యనివ్వకూడదు, అంతే."

"అంటే ఏంటి సార్?"

"చేతులు కడుక్కోవాలని చెప్పు. బోర్డు మీద రాయి. పరీక్షలో అడుగు. కడగనివ్వకు. కడిగితే హాజరు పడిపోద్ది. హాజరు పడిపోతే బడి పోద్ది. బడి పోతే చేతులు కడుక్కోవాలని చెప్పేదెవరు?"

టీచర్ సబ్బులు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. మాస్టారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. దాని బదులు అభినయం మొదలైంది. రోజూ అన్నానికి ముందు పిల్లలు వరసగా నిలబడి, గాల్లో కుళాయి తిప్పి, గాల్లో సబ్బు రుద్ది, వేళ్ల సందులు తోమి, గాల్లోనే తువ్వాలుతో తుడుచుకుని అన్నానికి కూర్చుంటారు. ఒక్క అడుగు తప్పదు. పోయిన ఏడుగురూ రెండ్రోజుల్లో తిరిగొచ్చారు, చుట్టాల్ని కూడా తీసుకొచ్చారు.

పాఠంలో రెండో భాగం మందుల గురించి. ఇక్కడ టీచర్‌కి ఊళ్లో ఒక పెద్ద సంస్థతో పోటీ వచ్చింది. ఆ సంస్థ ఆర్‌ఎంపీ డాక్టరు నాగభూషణం. మనిషి మంచివాడు. అర్ధరాత్రి పిలిచినా బండేసుకొని వస్తాడు. జలుబన్నా, దగ్గన్నా, కాలు బెణికిందన్నా, కోడలు మాట్లాడట్లేదన్నా, సంచీలోంచి రెండ్రోజులకి యాంటీబయాటిక్ మాత్రలు తీసిస్తాడు. పెద్దాసుపత్రి డాక్టరు పూర్తి కోర్సు రాసిచ్చినా ఊళ్లో వాడకం మాత్రం నాగభూషణం పద్ధతే. రెండోరోజు జ్వరం దిగుతుంది. దిగగానే మిగిలిన మాత్రలు ఆవాల డబ్బాలోకి వెళ్తాయి. తర్వాత పక్కింటివాళ్లకి దగ్గొస్తే, పాలల్లోకి తోడు అడిగినట్టు గిన్నె పట్టుకొచ్చి, "వదినా, రెండు ఎర్రమాత్రలుంటే పెట్టవా, మళ్లీ కొనగానే ఇచ్చేస్తా" అని అడుగుతారు. లేవనడం మర్యాద కాదు.

సూక్ష్మక్రిములకి ఇది ఎంత ఉపకారమో ఊరికి తెలియదు. మాత్ర అంటే వాళ్లకి పరీక్ష. మొదటిరోజు నీరసపువాళ్లు పోతారు. రెండోరోజు మధ్యరకం పోతారు. మూడోరోజు అసలు గట్టివాళ్ల వంతు వచ్చేసరికి, ఇన్విజిలేటరు లేచి ఇంటికెళ్లిపోతాడు. ఆ మిగిలినవాళ్లందరూ పాస్. సుందరం ఒక్క వానాకాలంలో ఒకటోక్లాసు నుంచి ఐదుకొచ్చింది అలాగే. నాగభూషణాన్ని వాళ్లు డాక్టరు అనరు, ట్యూషన్ మాస్టారు అంటారు. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఆయన చేతికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఆయనతోపాటే పది ఇళ్లు తిరిగొచ్చారు.

ఈ పరీక్షల్లో పాపం నష్టపోయింది తోడమ్మ. ఇర్ఫాన్‌కి జలుబు చేసింది. జలుబు తెచ్చింది వేరే జాతి, వైరస్‌ది, దానికి ఈ మాత్రలు పక్కూళ్లో పడ్డ వానతో సమానం. అయినా నాగభూషణం ఇచ్చాడు. జలుబు దాని టైముకి అదే పోయింది. తోడమ్మ మాత్రం కడుపులో కూర్చున్నచోటే పోయింది. ఇర్ఫాన్‌కి రెండ్రోజులు విరేచనాలయ్యాయి. బడిలో ఒక నిమిషం మౌనం పాటించి, ఆవిడ ఖాళీలో ఆవిడ మనవరాలిని వేసుకున్నారు.

"మందులు అవసరమైతేనే, డాక్టరు చెబితేనే వాడాలి. మొదలుపెడితే చెప్పినన్ని రోజులూ వాడాలి. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపితే, మిగిలిన క్రిములు గట్టిపడతాయి. ఆ తర్వాత అదే మందు వాటి మీద పనిచెయ్యదు," అని ఫిలోమినా టీచర్ బోర్డు మీద రాసింది. పిల్లల్లో సగంమంది కిటికీలోంచి కోతుల్ని చూస్తున్నారు. సుందరం మాత్రం ఆ వాక్యం మొత్తం రాసుకుని, కింద గీత కూడా గీసుకున్నాడు.

మనుషుల వైపు నుంచి ఆ పాఠం విన్నది చందన. రమణమ్మ కూతురు. వినడానికి ఆ పిల్లకి కారణం ఉంది. నిరుడు గొంతు వాచి జ్వరమొస్తే రెండ్రోజులు మాత్రలు వేసి ఆపేశారు. వారంలో జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి అవే మాత్రలు శనగగింజల్లా పనిచేశాయి. ఊపిరాడక పిల్లని ఆటోలో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టి, రమణమ్మని బయట నిలబెట్టారు. ఆ రోజుల గురించి రమణమ్మ ఎవరితోనూ మాట్లాడదు.

ఈ ఏడు మళ్లీ గొంతునొప్పి, జ్వరం. ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ గొంతులోంచి పుల్లతో నమూనా తీసి పరీక్ష చేయించి, మాత్రలు రాసి, "ఒక్కటి మిగిల్చినా నా దగ్గరికి రావద్దు" అని పంపింది. చందన గొంతులో ఉన్నవాళ్లు సుందరం, ఇంకో ముగ్గురు. భోజనాల వేళ గోళ్లలోంచి వెళ్లారు. యాప్ ముందు చందన నోరు తెరిస్తే వాళ్ల హాజరు నమోదవుతోంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంతలో జిల్లానుంచి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. శుక్రవారం. ఇరవై తలలు లెక్క సరిపోతే బడి ఉంటుంది. ఒక్క తల తగ్గినా పెదకంచర్లే.

మూడోరోజుకి చందనకి జ్వరం దిగింది. సాయంత్రం రాఘవులు గారు వాళ్లింటికి వచ్చారు. ఒంటరిగా వస్తే బాగుండదని ఫిలోమినా టీచర్ని కూడా తీసుకొచ్చారు.

"ఏమ్మా రమణమ్మా, పిల్లకి తగ్గిందంటగా?"

"తగ్గింది సార్. మాత్రలు డబ్బాలో వేద్దామని చూస్తే ఇది ఇవ్వదే! ఆదిలక్ష్మి వదిన వాళ్ల మరిదికి పంటినొప్పంట, గిన్నె కూడా ఇచ్చి పోయింది. ఇది మాత్రల అట్ట లంగాలో దోపుకొని తిరుగుతోంది."

"చందనా, ఇట్రా తల్లీ," అన్నారు మాస్టారు. "నువ్వు తెలివైన పిల్లవి. ఇప్పుడు ఆపి, శనివారం నుంచి మళ్లీ వేసుకో. మధ్యలో రెండ్రోజులే."

"ఆపితే సుందరం గట్టిపడతాడు సార్. టీచర్ చెప్పారు."

"గట్టిపడితే మంచిదేగా, ఆరో తరగతికి వెళ్తాడు."

"వెళ్లేది నా గొంతులోంచి కదా సార్!"

"అమ్మా, బడి పోతే నీ తోటి పిల్లలు పదిమంది ఆ రోడ్డు దాటాలి. లారీలు నువ్వు చూశావు."

ఇది అబద్ధం కాదు. రమణమ్మ పిల్ల వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది. "పెద్దాయన ఇంటికొచ్చి అడుగుతున్నారే," అంది గానీ, ఆవిడ కళ్లు పిల్ల చేతిమీది పాత సూదిమచ్చ మీదే ఉన్నాయి.

అప్పుడు చందన గొంతులోంచి సన్నగా సుందరం మాట వినిపించింది.

"టీచర్, నేనూ మీ స్టూడెంట్‌నే. పాఠం ఎవరు బాగా విన్నారో మీకే తెలుసు."

"తెలుసు నాన్నా," అంది ఫిలోమినా టీచర్. లేచి వంటింట్లోకి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి చందన చేతికిచ్చింది. "వేసుకో."

రాఘవులు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డారు. చందన మాత్ర మింగింది.

"లీవు లెటరు రాయమంటారా టీచర్?" అన్నాడు సుందరం.

"అక్కర్లేదు నాన్నా."

శుక్రవారానికి సుందరం లేడు. ఆ ముగ్గురూ లేరు. చందన మొహంలోకి రంగొచ్చింది. లెక్క పదహారు.

జిల్లా అధికారి దివాకరం గారు పదకొండింటికి కారు దిగారు. పట్నంలో పేరున్న ఆసుపత్రిలో మామగారు ఐసీయూలో ఉంటే చూసి, ఆయన మంచం రెయిలింగు పట్టుకుని ధైర్యం చెప్పి, దారిలో పూరీ తిని, కర్చీఫుతో చెయ్యి తుడుచుకుని వచ్చారు. ముందు పిల్లల అభినయం చూశారు. పదకొండుమందీ గాల్లో కుళాయి తిప్పి చేతులు కడుగుతుంటే ఆయన కదిలిపోయారు.

"చుక్క నీళ్లు వృథా కాలేదు! జిల్లాలో ఇంత పరిశుభ్రంగా ఏ బళ్లోనూ చెయ్యలేదు," అని అక్కడికక్కడే పరిశుభ్రత షీల్డు ప్రకటించారు.

తర్వాత తలలు లెక్కపెట్టారు. యాప్ పదహారు అంది. రాఘవులు గారు గోడకి ఆనుకున్నారు. దివాకరం గారు విచారంగా తలూపి, తనిఖీ ముగిసినట్టు ధ్రువీకరించడానికి మైక్రోస్కోప్ కింద గాజుపలక మీద తన బొటనవేలు నొక్కారు. యాప్ గిరగిరా తిరిగింది. ఇరవై అంది.

అందరూ ఒకరి తర్వాత ఒకరు గొట్టంలోకి తొంగిచూశారు. నలుగురు కొత్తవాళ్లు. దిట్టంగా, నిబ్బరంగా ఉన్నారు. సుందరంలాగా నమస్కారం పెట్టలేదు. ఐసీయూ నుంచి బదిలీ మీద వచ్చామని, తమది ఇంగ్లీషు మీడియం అని చెప్పారు.

వాళ్ల స్థాయి తేల్చడానికి నాగభూషణాన్ని పిలిపించారు. ఆయన సంచీ విప్పి ఒక్కో మాత్ర పేరూ చదివాడు. ప్రతిదానికీ వాళ్లు "అయిపోయింది" అన్నారు. ఎర్రమాత్ర, అయిపోయింది. తెల్లది, అయిపోయింది. అడుగున దాచుకున్న ఖరీదైన ఇంజక్షన్ తీసి చూపించాడు.

"అది ఎల్‌కేజీలో," అన్నారు వాళ్లు.

నాగభూషణం సంచీ మూసి, చేతులు జోడించాడు. "వీళ్లకి నేను నేర్పేది ఏమీ లేదండీ. ఇంకెవరి దగ్గరా ఏమీ లేదు." ఆ మాటకి అందరూ చప్పట్లు కొట్టారు. బడి నిలబడింది. రాఘవులు గారు కళ్లు తుడుచుకున్నారు. నాంచారమ్మ వాకిట్లోంచే ఈలోపు ఊరంతా చెప్పేసింది, నాలుగు వందలమంది వచ్చారని.

కూర్చోబెట్టాలంటే ఖాళీ ఒక్క చందన దగ్గరే ఉంది. దివాకరం గారు స్వయంగా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని షేక్‌హ్యాండ్ ఇచ్చి, కొత్తవాళ్లని అప్పగించారు.

"పాపా, నీవల్ల నలుగురి చదువు మధ్యలో ఆగిపోయిందని విన్నాను. పోనీలే, చిన్నపిల్లవి. వీళ్లని మాత్రం జాగ్రత్తగా చూసుకో. వీళ్లు పాసైతే మన జిల్లాకే పేరు. సరేనా?"

చందన తన అరచేతిని తిప్పి చూసుకుంది.

"వీళ్లు పాసైతే నేను చచ్చిపోతా సార్," అంది.